కీళ్ల నొప్పులన్నిటికీ నూనె మర్దనేనా?

సంపాదకులకు నమస్కారం.

కీళ్లు నొప్పులంటే మన తిరుపతిలో ముందు నూనె కాచి మర్దన చేస్తారు. అరుగుదలతో వచ్చే సంధివాతానికి అది హాయే. ఆమవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి కీళ్లవాపు జబ్బు) వేరు. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, వాచి ఉంటే ఆయుర్వేదం మొదట్లో నూనె వద్దంటుంది. లంఘనం (ఉపవాసం లేదా తేలికపాటి తిండి), శొంఠి, వేడి ఇసుక మూటతో కాపడం చెబుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి కాబట్టి రక్తపరీక్షా చేయించాలి. పేరూ ఊరూ లేని పొడులు కొని మింగేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపినట్టు దేశంలో ఎన్నోసార్లు బయటపడింది. తితిదే ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. అక్కడి వైద్యులు చుట్టుపక్కల మండలాల్లోనూ నెలనెలా కీళ్లనొప్పుల శిబిరాలు పెట్టాలని వేడుకుంటున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి