రెండక్షరాల దగ్గర ఆగిన రోజు

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల యూజర్ గ్రూప్ మీటింగులకు ఇరవై ఏళ్లకు పైగా వెళ్తున్నాను. మొదటిసారి వెళ్లింది మాత్రం ఏడుపు మొహంతో. అప్‌గ్రేడ్ చేశాక నా కంప్యూటర్ ‘ఎల్ఐ’ అన్న రెండక్షరాల దగ్గరే ఆగిపోయింది. పేరైనా చెప్పకుండా మీరొచ్చి పక్కన కూర్చున్నారు.

“లిలో అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్‌ని మొదలుపెట్టే బూట్ లోడర్. అది తన పేరులోని నాలుగక్షరాలూ (ఎల్ఐఎల్ఓ) తెర మీద వేయాలి. రెండే పడ్డాయంటే మొదటి భాగం రెండోదాన్ని లోడ్ చేసింది గానీ నడపలేకపోయింది” అన్నారు. కీబోర్డు ముట్టుకోలేదు. కంప్యూటర్‌ని స్టార్ట్ చేయడానికి బూట్ ఫ్లాపీ ఇచ్చి, బూట్ లోడర్‌ని మళ్లీ డిస్కులో రాసే లిలో కమాండ్ నాచేతే కొట్టించారు. (చేసిపెడితే ఏం పోతుందని అప్పుడు కోపమొచ్చింది లెండి.) రీబూట్ చేస్తే నాలుగూ పడ్డాయి! నేను తలెత్తేసరికి మీరు ఇంకెవరిదో సీపీయూ మూత విప్పుతున్నారు.

లిలో డెవలప్‌మెంట్ 2015లో ఆగిపోయింది. కొత్తవాళ్ల కీబోర్డు నేనూ ముట్టుకోను. చాలా ఆలస్యంగా చెప్తున్నాను, థ్యాంక్సండీ.