ఎంబీబీఎస్ రాని పిల్ల చదువు కాదిది

సంపాదకులకు,

నీట్ ర్యాంకులు వచ్చాయంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగిళ్లలో ఏటా ఒకటే మాట: "ఎంబీబీఎస్ వచ్చేలా లేదు, పోనీ బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు)లో వేసేద్దాం. ఆడపిల్లకి అదే నయం, రాత్రి డ్యూటీలుండవు." (ఓరల్ సర్జరీ పోస్టింగులో రాత్రి పిలుపులు కూడా ఉంటాయి, అది వేరే సంగతి.) ఇందులో పిల్ల ఏమనుకుంటోందో ఎవరూ అడగరు. పళ్ల వైద్యమే ఎందుకని అడిగితే ఆ అమ్మాయి దగ్గర సొంత జవాబు ఉండాలి. లేకపోతే మొదటి ఏడాది మైనం దిమ్మ దగ్గరే విసుగు పుడుతుంది.

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీలతో పాటు మైనం దిమ్మలో పళ్లు చెక్కాలి. పై ముందుపన్ను కిరీటం (బయటికి కనిపించే భాగం) పొడవు సుమారు 10.5 మిల్లీమీటర్లు, వెడల్పు 8.5. చిగుళ్ల వైపు వంపు ఒక్క మిల్లీమీటరు తప్పినా అధ్యాపకులు పక్కన పడేస్తారు. రెండో ఏడాది రోగికి బదులు బొమ్మ తలలో డ్రిల్లు పట్టాలి. పై దవడ పళ్లను చిన్న అద్దంలో చూస్తూ పని చేయాలి కాబట్టి చెయ్యి ఒకవైపు వెళితే అద్దంలో మరోవైపు వెళ్లినట్టు కనిపిస్తుంది. అది అలవాటు కావడానికి నెలలు పడుతుంది. సీటు తీసుకోకముందే ఇంట్లో పరీక్ష పెట్టుకోవచ్చు. ఒంటి సబ్బు తీసుకుని, దవడపన్ను బొమ్మ ఎదురుగా పెట్టుకుని, దానికి రెండింతల కొలతలో చెక్కి చూడమనండి. రెండు మూడు పాడయ్యాక కూడా నాలుగోది తనంతట తనే చేతిలోకి తీసుకుంటుందా అన్నది చూడాలి. మార్కుల జాబితా ఈ సంగతి చెప్పదు.

పళ్లసెట్టు పని కూడా అలాంటిదే. అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) పొడి, ద్రవం కలిపి అచ్చులో నింపాక నీళ్లలో 74 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచాలి, లేదా 74 దగ్గర రెండు గంటలు ఉంచి ఆ తర్వాత మరిగే నీళ్లలో ఒక గంట. ఆ ద్రవం సుమారు 100 డిగ్రీలకు మరుగుతుంది. తొందరపడి ఒకేసారి వేడి పెంచితే సెట్టు లోపల బుడగలు పట్టి, వాడుకలో విరుగుతుంది.

ఇక మన ప్రాంతం సంగతి. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. శ్రీకాకుళం ప్రాంతంలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. ఆ వేడికి అంగిలి తెల్లబారుతుంది, ఎర్రని చుక్కలు లేస్తాయి, పుండు పడుతుంది. రెండు వారాలు దాటినా మానని పుండుకు, ఎరుపు, తెలుపు మచ్చకు ముక్క పరీక్ష (బయాప్సీ, చిన్న ముక్క తీసి కేన్సరేమో చూడడం) తప్పదు. దీనికి తోడు ఒడిశాలో పొగాకు, బెల్లం పాకం కలిపిన గుడాకు ఉంది. పళ్లపొడిలా చిగుళ్లకు రుద్దుకుంటారు. అత్తగారు, అమ్మమ్మ వయసువాళ్లు మగ డాక్టరు ముందు చుట్ట సంగతి ఎత్తరు, నోరు పూర్తిగా తెరవరు. తెలుగు, ఒడియా, వీలైతే సవర (ఇక్కడి గిరిజన భాష) మాటలు కొన్ని వచ్చిన అమ్మాయి "అమ్మమ్మా, అడ్డపొగ ఎన్నేళ్లబట్టి?" అని కసరకుండా అడిగితే చెబుతారు. పళ్ల వైద్యం కోరుకోవడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించదు.

ఓపిగ్గా చెప్పడం కూడా ఈ వృత్తిలో వైద్యమే. పై పన్ను తీస్తే చూపు పోతుందని, పళ్లకు పట్టిన గార తీయిస్తే పళ్లు ఊగుతాయని ఇప్పటికీ నమ్ముతారు. నిజానికి గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గట్టిపడ్డ గార పళ్లను కట్టిపడేసి ఉంచుతుంది, అది పోయాక కదలిక తెలుస్తుంది. ఆరేళ్లకు పాలపళ్ల వెనక వచ్చే దవడపన్ను శాశ్వతమైనది. ఊడి మళ్లీ వస్తుందనుకుని దాన్ని పుచ్చిపోనిస్తారు. నిలబెట్టగల పన్నును పీకితే పని త్వరగా తేలిపోతుంది, రోగి కూడా అదే అడుగుతాడు. అక్కడ ఆగి నచ్చజెప్పే మనసుందో లేదో అమ్మాయి తనకు తాను చూసుకోవాలి. శుభ్రతలో కూడా తొందర పనికిరాదు. పనిముట్లను మరిగించి సరిపెట్టకూడదు, మరిగే నీళ్లకు స్పోర్లు (క్రిముల గట్టి గింజల్లాంటి రూపాలు) చావవు. ఆటోక్లేవులో (ఒత్తిడితో ఆవిరి పట్టే పెట్టెలో) 121 డిగ్రీలు, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి, వేడి అందాక కనీసం 15 నిమిషాలు. పనిముట్ల డ్రమ్ము కుక్కి నింపితే ఆవిరి లోపలికి పోదు. రోగుల మీద చెయ్యి వేయకముందే హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు (0, 1, 6 నెలలు) పూర్తి చేసుకోవాలి.

ఈ చదువు దారిలో ఆంధ్ర-ఒడిశా సరిహద్దు పిల్లలు దెబ్బతినేది కాగితాల దగ్గర. నీట్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. బరంపురం కేంద్రం పెట్టుకుంటే తెలుగు దొరకదు. ఇంటర్‌కి విశాఖ పంపితే ఆంధ్ర స్థానికత (అక్కడి స్థానికుల సీట్లకు అర్హత) వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదవాలన్నది ప్రధాన నియమం, అంటే తొమ్మిదో తరగతి నుంచే. ఒడిశా కోటాకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకుని, చదువు షరతులు ఆ ఏటి ప్రవేశాల బ్రోషరులో చూసుకోవాలి. కటక్‌లోని ఎస్.సి.బి. ప్రభుత్వ దంతవైద్య కళాశాల అందుబాటులో ఉంది. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో ఏ రాష్ట్రం వారికైనా తెరిచే ఉంటాయి. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆంధ్రలో చదివిన అమ్మాయి గజపతి జిల్లాలో క్లినిక్ పెట్టాలంటే ఒడిశా దంతవైద్య మండలి రిజిస్టరులో పేరు ఉండాలి.

మీ పత్రిక మాకు శ్రీకాకుళం ఎడిషనే వస్తుంది. అందులో ఆంధ్ర కౌన్సెలింగ్ తేదీలు తప్ప ఒడిశావి ఉండవు. జులై నుంచి సీట్లు నిండేదాకా విద్యా పేజీలో ఒడిశా నోటీసులకు కూడా నాలుగు వరుసలు కేటాయించమని మనవి.

— ఒక దంతవైద్యురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా