డీజేలూ, ల్యాప్‌టాప్ మార్చే ముందు బఫర్ చూడండి

సంపాదకులకు,

పెళ్లిళ్ల సీజనొచ్చినా, వినాయక నిమజ్జనాలొచ్చినా విశాఖలో డీజే కుర్రాళ్లకు చేతినిండా పనే. వాళ్లలో చాలామందికి ఒకటే బాధ: బటన్ నొక్కిన కాసేపటికి గానీ పాట మోగదు, స్క్రాచ్ చేస్తే చెయ్యి ముందు, చప్పుడు వెనక. దానికి అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారు. చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ ధ్వనిని శాంపిళ్ల ముద్దలుగా సౌండ్ కార్డుకు అందిస్తుంది. ఆ ముద్ద సైజే బఫర్. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 1024 బఫర్‌కు ఆలస్యం 23 మిల్లీసెకన్లు, 512కు 11.6, 256కు 5.8, 128కు 2.9. డ్రైవరూ, యూఎస్‌బీ దీనికి ఇంకాస్త కలుపుతాయి.

విండోస్‌లో ముందు సరిచేయాల్సింది డ్రైవరే. కంట్రోలర్ (డీజే చేత్తో తిప్పే, నొక్కే పరికరం) కంపెనీ ఇచ్చే ఏసియో (ASIO) డ్రైవర్, అంటే ధ్వనిని నేరుగా కార్డుకు పంపేది వేసి, సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో దాన్నే ఎంచుకోవాలి. అది లేని కార్డుకు విండోస్‌లోనే ఉండే వాసాపీ (WASAPI) ఎక్స్‌క్లూజివ్ పద్ధతి పెట్టాలి. లేకుంటే ధ్వని విండోస్ మిక్సర్ చుట్టూ తిరిగొస్తుంది. మాక్‌లో దాని సొంత ధ్వని వ్యవస్థ కోర్ ఆడియో ఉంది గనుక ఈ బెడద లేదు.

తర్వాత బఫర్‌ను 512 నుంచి ఒక్కో మెట్టే దించాలి. ప్రతి మెట్టు దగ్గరా రెండు డెక్కులూ (పాటలు నడిపే భాగాలు), కీలాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఉంచేది), ఎఫెక్టులు అన్నీ వేసి అరగంట నడపాలి. చిటపటలు వచ్చాయంటే ప్రాసెసర్ సమయానికి బఫర్ నింపలేకపోయిందన్నమాట. ఒక మెట్టు పైకెళ్లాలి. ఉచితంగా దొరికే ‘మిక్స్’ (Mixxx) అనే డీజే సాఫ్ట్‌వేర్‌లోనైతే అలా ఎన్నిసార్లు తప్పిందో సౌండ్ హార్డ్‌వేర్ పేజీలోనే కనిపిస్తుంది. పాటలు కలిపేవారికి 256 చాలు. 64కు దించి తలంబ్రాల వేళ పాట తెగేలా చేసుకోవద్దు.

512 దగ్గరే చిటపటలుంటే తరచూ దోషం వైఫై డ్రైవర్‌ది, లేదా గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. లేటెన్సీమాన్ (LatencyMon) అనే విండోస్ సాఫ్ట్‌వేర్ నడిపితే ఏ డ్రైవరో పేరుతో సహా చూపిస్తుంది. వేదికమీద కార్యక్రమం నడిచినంతసేపూ వైఫై ఆపేయాలి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉండాలి, కంట్రోలర్‌ను హబ్‌కు గాక నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చాలి. మన ఊరి ఉక్కలో ఇంకో చిక్కుంది: బల్లమీద పరిచిన శాటిన్ గుడ్డ గాలి రంధ్రాలు మూసేస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంట్లో బాగా నడిచిన 256 వేదికమీద చెడేది అందుకే. కింద చిన్న స్టాండు తప్పనిసరి.

ఇవన్నీ చేసినా మిగిలే ఆలస్యం గాలిది. ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లే పోతుంది. రుషికొండ దగ్గర ఆరుబయట పెళ్లిలో స్పీకర్లు డీజేకు 15 మీటర్ల దూరాన ఉంటే, అక్కడే 43 మిల్లీసెకన్లు పోయాయి. బఫర్ ఎంత దించినా అవి తిరిగిరావు. డీజే చెవికి మీటరు దూరంలో వైరుతో కలిపిన మానిటర్ స్పీకర్ ఒకటి ఉండాలి. బ్లూటూత్‌ది పెడితే అదే మళ్లీ 100 మిల్లీసెకన్లకు పైగా వెనకేస్తుంది. ఈవెంట్ నిర్వాహకులు ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కొట్టేసేది ఈ మానిటర్‌నే. దయచేసి దాన్ని ఉంచండి.

– ఒక సౌండ్ ఇంజినీర్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం