ఆరు నెలల తర్వాత కూడా రాయండి

సంపాదకులకు,

కొత్త ఫోను కోసం హైదరాబాదులో తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరారని గత వారం మీరు అరపేజీ వార్త వేశారు. ధర, రంగులు, కెమెరా గొప్పలు అన్నీ రాశారు. బ్యాటరీ పాడైతే జిల్లాల్లో ఎక్కడ మారుస్తారో ఒక్క వాక్యం లేదు. అది వార్తా, ప్రకటనా?

ఈ ఆర్భాటంతో మహా అయితే మొదటి నెల అమ్మకాలు గడుస్తాయి. ఆ తర్వాత వస్తువు నిలిచేది కొన్నవాళ్లు చెప్పే మాట మీదే. 2016 ఫిబ్రవరిలో ‘ఫ్రీడమ్ 251’ అంటూ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ ఇస్తామని పత్రికల మొదటి పేజీ నిండా ప్రకటనలు వచ్చాయి. బుకింగ్ మొదలవగానే వెబ్‌సైటు నిలిచిపోయింది. ఏడు కోట్ల మంది నమోదు చేసుకున్నారని కంపెనీయే చెప్పుకుంది. అందులో ఎందరి చేతికి ఫోను వచ్చింది? 2011 అక్టోబరులో కేంద్రమంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసమంటూ ఆవిష్కరించిన చవక ట్యాబ్లెట్ ఆకాశ్ కథా ఇంతే. హైదరాబాదులో తయారవుతోందని మనమంతా గర్వపడ్డాం. తీరా చూస్తే గట్టిగా నొక్కితేగాని స్పందించని తెర, ఇట్టే అయిపోయే ఛార్జింగ్. మరుసటి ఏడాది ఆకాశ్-2ను ఏకంగా రాష్ట్రపతి చేత ఆవిష్కరింపజేశారు. ఇప్పుడు ఏ బడిలోనైనా అది కనిపిస్తుందా?

2003లో వచ్చిన నోకియా 1100 కోసం ఎవరూ రాత్రంతా నిలబడలేదు. టార్చి లైటు, దుమ్ము చేరని కీప్యాడ్, రోజుల తరబడి నిలిచే బ్యాటరీ. ఒకరి దగ్గర చూసి మరొకరు కొన్నారు. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది.

మా అబ్బాయి ఇలాంటి సందడి చూసే ఒక ఫోను కొన్నాడు. బ్యాటరీ ఉబ్బితే విజయవాడ వెళ్లమన్నారు. వెళ్తే, ఆ మోడలు విడిభాగాలు రావడం లేదన్నారు. ఇక మా ఇంట్లో ఎవరూ ఆ కంపెనీ వస్తువు కొనరు, బంధువులను కొననివ్వరు. ‘నిమిషాల్లో అమ్ముడయ్యాయి’ అని రాసే విలేకరి, అమ్మకానికి పెట్టినవి ఎన్నో ఎందుకు అడగడు?

మన నాయకులూ, అధికారులూ ఇదే దారిలో ఉన్నారు. మా వార్డులో మంచినీటి యంత్రం ప్రారంభానికి అందరూ వచ్చి ఫొటోలు దిగారు. అది మూతపడ్డాక వినతిపత్రం తీసుకునే దిక్కు లేదు. కొన్న వస్తువును ఎక్కడ, ఎలా బాగుచేయించుకోవాలో చెప్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు పోర్టల్ అనే వెబ్‌సైటు పెట్టింది. అది ఉందని ఎంతమంది కొనుగోలుదారులకు తెలుసు?

విడుదల వార్తతోపాటు సర్వీసు కేంద్రాలెన్ని, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు అన్నవీ అచ్చువేయండి. ఆరు నెలలయ్యాక కొన్నవాళ్లనూ, చిల్లర దుకాణదారులనూ అడిగి, ఆ వార్తకూ అరపేజీ ఇవ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి