స్పీకర్ వైర్లు మార్చుతున్నాం: మా కస్టమర్లకు ఒక వివరణ

విశాఖపట్నంలో మా షాపు ద్వారా హోమ్ థియేటర్ పెట్టించుకున్న అందరికీ నమస్కారం.

గత దసరా తరువాత మేము వైరింగ్ చేసిన ప్రతి ఇంట్లోనూ స్పీకర్ వైర్లను మా ఖర్చుతో తీసివేసి కొత్తవి వేస్తున్నాము. స్వచ్ఛమైన రాగి అని ముద్ర వేసి మాకు అమ్మిన వైరు రాగి కాదు, పైన పలుచగా రాగి పూత పూసిన అల్యూమినియం. ఈ సంగతి మీకు ఇంకెవరో చెప్పకముందే మా నోటితోనే తెలియాలని ఇది రాస్తున్నాను.

లాసన్స్ బే కాలనీలో ఒక కస్టమరు, ఎడమవైపు వెనక స్పీకరు ఒక్కోసారి పలుకుతూ ఒక్కోసారి మూగబోతోందని చెబితే వెళ్లి టెర్మినల్ (స్పీకరుకు వైరు కొస బిగించే చోటు) విప్పాము. వైరు పోగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది; కొంచెం వంచేసరికి రెండు పోగులు పుటుక్కున తెగిపోయాయి. ఇంకో పోగును బ్లేడుతో గీకితే ఎర్రటి పొర లేచిపోయి లోపల తెల్లటి లోహం బయటపడింది. రాగి పోగును ఎంత గీకినా లోపల ఎర్రగానే ఉంటుంది. (టిన్ పూత వేసిన రాగి ఇందుకు సరిగ్గా తిరగబడి, పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటుంది, అది మంచి వైరే, చూసి కంగారు పడవద్దు.) షాపులో ఉన్న చుట్టలన్నీ కోసి చూస్తే పాత సరుకు అసలైన రాగి, దసరా తరువాత వచ్చినదంతా ఈ పూత సరుకు అని తేలింది. పైనున్న లేబుల్ మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు.

ఏళ్ల తరబడి సరుకు తీసుకుంటున్న సరఫరాదారుకు ఫోన్ చేసి అడిగితే, "మార్కెట్లో అందరూ ఇదే వేస్తున్నారండీ, గోడలోకి పోయే వైరును ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాటను నేను ఇప్పటికీ దిగమింగుకోలేకపోతున్నాను. రిసీవరు (స్పీకర్లన్నిటికీ ధ్వని పంపే పెట్టె) పాడైతే షాపుకు తెచ్చి నిలదీయవచ్చు, స్పీకరు నచ్చకపోతే విప్పి మార్పించుకోవచ్చు, కానీ గోడలోని వైరును మీరు కేవలం మా మాట నమ్మి వేయించుకున్నారు. వాడని చుట్టలకు డబ్బు వాపసు ఇస్తారట, మీ ఇళ్లలో వేసిన వైరుకు మాత్రం ఇవ్వరట. ఆయనతో లెక్క ముగించేశాను. ఇకపై ఆ గుమ్మం తొక్కేది లేదు.

అన్ని ఇళ్లలోనూ మార్చాలా, ఫిర్యాదు వచ్చిన చోట మాత్రమే మార్చాలా అన్నదే నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఉన్నదున్నట్టు చెబుతాను: టీవీ పక్కనే ఉండే ముందు స్పీకర్లకు వైరు పొట్టిది కాబట్టి అక్కడ చెవికి తేడా తెలియదు. వెనక స్పీకర్లకు గోడ వెంబడి 15 మీటర్లు పోతే, పోను రాను 30 మీటర్ల 14 గేజ్ రాగి వైరు నిరోధం సుమారు 0.25 ఓం, అదే మందంలో ఈ పూత వైరుకు 0.4 ఓం దాకా వస్తుంది. స్పీకరు నిరోధంలో వైరుది 5 శాతం దాటకూడదన్నది మేము పాటించే లెక్క. 6 ఓంల స్పీకరుకు అది 0.3 ఓం. అంత మించినా ధ్వనిలో తగ్గేది అర డెసిబెల్ చిల్లరే, దానిని కూడా రిసీవరు మైకుతో ధ్వని కొలిచి ఒక్కో స్పీకరు స్థాయిని సర్దే కాలిబ్రేషన్ సరిచేసేస్తుంది. అందుకే మొదటి రోజు మీకూ మాకూ ఏ లోపమూ వినిపించలేదు. మా కుర్రాళ్లు కూడా, వినపడని తేడాకు ఇంత ఖర్చు ఎందుకన్నారు. కానీ ఉప్పుగాలి తగిలే ఊరిలో, రాగీ అల్యూమినియమూ కలిసిన చోట తేమ చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, బిగించిన కొస వదులవుతుంది, అప్పుడు ఏ కాలిబ్రేషనూ ఆదుకోదు. పైగా రాగి అని బిల్లు రాసి ఇచ్చింది నేను. అందుకని పొట్టి వైర్లతో సహా అన్నీ మారుస్తున్నాను.

మేము వైరింగ్ అంతా పైపులోనే చేశాము కాబట్టి పాత వైరు కొసకే కొత్తది కట్టి లాగుతాము. గోడ పగలగొట్టే పని ఉండదు. స్పీకర్ల స్థానాలు మారవు: వెనకవి మీరు కూర్చునే చోటు నుంచి, ఎదురుగా ఉన్న టీవీ దిక్కును సున్నాగా కొలిస్తే 110 నుంచి 120 డిగ్రీల కోణంలో, చెవి కన్నా కాస్త ఎత్తులో ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. పని అయ్యాక ప్లస్, మైనస్ సరిచూసి, మైకు పెట్టి కాలిబ్రేషన్ మళ్లీ చేస్తాము. ఇదే అదనుగా వెనక వైర్‌లెస్ స్పీకర్లు పెట్టేయమని కొందరు అడిగారు. వాటికీ కరెంటు ప్లగ్గు కావాలి, సిగ్నల్ తెగితే మళ్లీ మొదటికే వస్తుంది. వైరు లాగగలిగిన ఇంట్లో నేను వైరే వేస్తాను.

సముద్రానికి దగ్గరగా ఉన్న లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, సాగర్ నగర్ ఇళ్లు ముందు, గోపాలపట్నం, పెందుర్తి వైపు తరువాత పూర్తి చేస్తాము. ఈలోగా ఏ స్పీకరైనా గరగరమన్నా, ఆగి ఆగి పలికినా వాల్యూమ్ పెంచకుండా రిసీవరు ఆపివేసి మాకు ఫోన్ చేయండి. తెగిన పోగు పక్క టెర్మినల్‌కు తగిలితే రిసీవరు దెబ్బతినవచ్చు. కొత్త చుట్టను మీ ఎదుటే కోసి, పోగు గీకి చూపించిన తరువాతే పైపులోకి ఎక్కిస్తాము.