యాంటీటమ్‌ను ఒక్క వాక్యంతో దాటవేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధంపై మీరు ఇటీవల ప్రచురించిన వ్యాసం, ఆ యుద్ధాన్ని మలుపు తిప్పింది 1863 జూలైలో జరిగిన గెట్టిస్‌బర్గ్ పోరేనని తేల్చి చెప్పి, అంతకు పది నెలల ముందు జరిగిన యాంటీటమ్ పోరును ఒక్క వాక్యంతో దాటవేసింది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

1862 సెప్టెంబరు 17న మేరీలాండ్‌లోని షార్ప్స్‌బర్గ్ దగ్గర, యాంటీటమ్ వాగు ఒడ్డున, ఒక్కరోజులో ఇరుపక్షాల్లో కలిపి సుమారు 22,700 మంది మరణించారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. తెల్లవారేసరికి ఏపుగా నిలబడి ఉన్న మొక్కజొన్న చేను కాసేపటికే తూటాల ధాటికి కొడవలి పెట్టి కోసినట్లు నేలకు ఒరిగింది. దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీ తన సేనను ఎలా విడదీసి నడిపిస్తున్నాడో తెలిపే ఉత్తర్వు, మూడు పొగాకు చుట్టల చుట్టూ చుట్టిన కాగితంగా, నాలుగు రోజుల ముందే ఉత్తరాది సైనికులకు దొరికింది. అయినా వారి సేనాని మెక్లెల్లన్ తాత్సారం చేశాడు; పోరు నాడు సైతం బలగంలో పెద్ద భాగాన్ని దింపకుండా అట్టే పెట్టుకున్నాడు. మర్నాటి రాత్రి లీ పొటోమాక్ నది దాటి వెనక్కి వెళ్లిపోగలిగాడు. కాబట్టి యుద్ధవిద్య లెక్కన అది అరకొర గెలుపేనన్న మాటను నేను కాదనను.

అయితే ఆ అరకొర గెలుపు కోసమే అధ్యక్షుడు లింకన్ రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. జూలై 22న ఆయన బానిస విముక్తి ప్రకటన ముసాయిదాను మంత్రివర్గం ముందుంచినప్పుడు, ఓటముల నడుమ దాన్ని వెలువరిస్తే నిస్సహాయుడి ఆర్తనాదంలా వినిపిస్తుందనీ, ఒక విజయం దక్కేదాకా ఆగడం మేలనీ విదేశాంగ మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు. యాంటీటమ్ ముగిసిన అయిదో రోజునే, సెప్టెంబరు 22న, ప్రాథమిక ప్రకటన వెలువడింది. అప్పటిదాకా దేశ సమైక్యత కోసమని చెప్పుకున్న యుద్ధం ఇక బానిసత్వంపై యుద్ధమైంది. దక్షిణాదికీ ఉత్తరాదికీ మధ్యవర్తిత్వం నెరపాలని ఆలోచిస్తున్న బ్రిటన్ కూడా, ముందు లీ వెనుదిరగడం చూసి, తర్వాత తన ప్రజల్లో బానిసత్వంపై ఉన్న ఏవగింపును లెక్కలోకి తీసుకుని, వెనక్కి తగ్గింది.

ఆ ప్రకటనకు పరిమితులు లేకపోలేదు. తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే అది వర్తించింది. ఉత్తరాది పక్షాన నిలిచిన సరిహద్దు రాష్ట్రాల్లోని బానిసలను తాకలేదు. బానిసత్వం దేశమంతటా రద్దు కావడానికి 1865 డిసెంబరు నాటి 13వ రాజ్యాంగ సవరణ దాకా ఆగవలసి వచ్చింది. కానీ 1863 జనవరి 1న వెలువడిన తుది ప్రకటన నల్లజాతివారికి సైన్యం తలుపులు తెరిచింది. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సేనలో చేరారు. వారిలో ఎందరో నిన్నటిదాకా బానిసలు.

మీ వ్యాసంలో వారి ప్రస్తావన ఎక్కడా కనిపించలేదు. రాబోయే సంచికల్లో యాంటీటమ్‌పై ప్రత్యేకంగా ఒక వ్యాసం వేయించి, అందులో ఈ సైనికులకు తగిన చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
చరిత్రను ఇష్టపడే ఒక పాఠకుడు