2 జీబీ ర్యామ్‌లో లైనక్స్: రవికి ఉత్తరం

ఒరేయ్ రవీ,

ఆ లాప్‌టాప్‌ని అప్పుడే పాత సామాన్లలో వేసెయ్యకు. 2 జీబీ ర్యామ్, లోపల హార్డ్ డిస్క్ అన్నావు కదా, దానితో ఇంకా పని తీసుకోవచ్చు. కాకపోతే ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) వేస్తే స్పీడొస్తుందని అడిగావు చూడు, అసలు సంగతి అక్కడ లేదురా. తేలికపాటివన్నీ డెస్క్‌టాప్ వచ్చేసరికి ఇంచుమించు 200 నుంచి 500 ఎంబీ తింటాయి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ తేడా కాస్తా గాల్లో కలిసిపోతుంది. మెషీన్‌ని చతికిలబెట్టేవి రెండు: బ్రౌజరు, హార్డ్ డిస్క్ మీద పెట్టిన స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా.

ముందు సీపీయూ సంగతి తేల్చుకో. లోపల 32 బిట్ విండోస్ ఉందని సీపీయూ కూడా 32 బిట్టే అనుకోకు, చాలావాటిలో 64 బిట్ సీపీయూ మీదే దాన్ని ఎక్కించి ఇచ్చారు. 64 బిట్ లైనక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఒకటి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేసి చూడు. నిజంగానే 32 బిట్ అయితే, ఈ కెర్నల్‌కి (లైనక్స్ మూల ప్రోగ్రామ్‌కి) ఎక్స్86-64, అంటే 64 బిట్ సీపీయూ కావాలని చెప్పి అక్కడే ఆగిపోతుంది. లోపలికి వెళ్తే మాత్రం 64 బిట్టే వేసుకో. ర్యామ్ కాస్త ఎక్కువ పట్టినా సరే, ఎందుకంటే 32 బిట్‌కి దారులన్నీ మూసుకుపోతున్నాయి. లైనక్స్ మీద 32 బిట్ క్రోమ్ 2016లోనే ఆగింది, ఫైర్‌ఫాక్స్ 2025లో 145వ వెర్షన్ నుంచి ఆపేసింది, డెబియన్ 13కి అసలు 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు.

డిస్ట్రో అంటావా, నీకు యాంటీఎక్స్ గానీ ఎంఎక్స్ లైనక్స్ ఫ్లక్స్‌బాక్స్ గానీ చాలు. లుబుంటు 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది, 2 జీబీలో ఇరుకు. హార్డ్ డిస్క్ పూర్తిగా పోతే పప్పీని పెన్ డ్రైవ్ మీద నుంచే నడుపుకోవచ్చు. టైనీ కోర్ చిన్నదని అందరూ పొగుడుతారు గానీ, రోజువారీ పనికి అది పెట్టే చాకిరీ నీకొద్దు.

ఇక జీర్యామ్. ఏది చేసినా చేయకపోయినా ఇది మాత్రం చెయ్యి. ర్యామ్ నిండినప్పుడు పేజీల్ని, అంటే మెమరీ ముక్కల్ని, డిస్క్‌కి తోసెయ్యకుండా ర్యామ్‌లోనే కుదించి దాస్తుంది. మామూలుగా 1 జీబీ డేటా 350 నుంచి 500 ఎంబీలో ఇమిడిపోతుంది. జీర్యామ్-టూల్స్ (zram-tools) ప్యాకేజీ వేసి, ఈటీసీలోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో జీర్యామ్‌స్వాప్ ఫైల్ (/etc/default/zramswap) తెరువు. ఆల్గో (కుదించే పద్ధతి) ఎల్‌జెడ్4, పర్సెంట్ (ర్యామ్‌లో ఎంత శాతం) 50 పెట్టు. ఆ వరుసల ముందున్న హాష్ గుర్తు (#) తీసెయ్యి, అది ఉన్నంతసేపూ నువ్వు ఏం మార్చినా పట్టదు. తర్వాత సర్వీస్ రీస్టార్ట్ చెయ్యి. యాంటీఎక్స్‌లో సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) లేదు కాబట్టి దాని సిస్టమ్‌సీటీఎల్ కమాండ్ పనిచెయ్యదు, సర్వీస్ కమాండ్ వాడాలి. జీర్యామ్‌సీటీఎల్ (zramctl) కమాండ్ కొడితే ఎంత డేటాని ఎంతకి కుదించిందో కనిపిస్తుంది.

డిస్క్ స్వాప్‌ని తీసెయ్యకు, ఉండనీ. జీర్యామ్ ప్రయారిటీ 100, డిస్క్ స్వాప్ కంటే ఎక్కువ, కాబట్టి ముందు అదే నిండుతుంది. స్వాపినెస్ (కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) 10కి తగ్గించమని ప్రతివాడూ చెబుతాడు. అది హార్డ్ డిస్క్ స్వాప్‌కి చెప్పే మాట. జీర్యామ్ ఉన్నప్పుడు 100 పెట్టు. 10 దగ్గరే ఉంచితే కెర్నల్ జీర్యామ్‌ని ముట్టుకోకుండా ఫైల్ క్యాష్‌ని (ర్యామ్‌లో దాచుకున్న ఫైళ్లని) ఖాళీ చేస్తుంది, వాటిని మళ్లీ డిస్క్ నుంచి చదవాల్సొచ్చి గిర్రుమంటూ కూర్చుంటుంది. ఇంకోటి, మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' కాలమ్ చూసి బెంబేలెత్తకు, 'అవైలబుల్' చూడు.

బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, దానికి యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్. ప్రకటనలు పోతేనే సగం బరువు దిగినట్టుంటుంది. అడ్రస్ బార్‌లో అబౌట్:అన్‌లోడ్స్ అని తెరిస్తే వాడని ట్యాబుల్ని మెమరీ నుంచి దించెయ్యొచ్చు. యూట్యూబ్ తడబడితే హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ వెయ్యి. పాత గ్రాఫిక్స్ చిప్‌లకి వీపీ9, ఏవీ1 అనే వీడియో రకాలు రావు, హెచ్264 అడిగించడమే దీని పని; లేకపోతే, ఆ భారమంతా సీపీయూ మీద పడుతుంది.

చేతిలో కాస్త డబ్బుంటే ర్యామ్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ. డిస్క్ కనెక్టర్ సాటానా, పాత ఐడీఈనా చూసి కొను. పాత, నెమ్మది సాటా 2 అయినా దిగులు పడకు. హార్డ్ డిస్క్ సెకనుకి చెల్లాచెదురుగా చేసేది వంద రీడ్‌లు, అటూ ఇటూగా. ఎస్‌ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. ర్యామ్ కొనేముందు మాత్రం డీఎమ్‌ఐడీకోడ్ (మెషీన్ హార్డ్‌వేర్ వివరాలు చూపే కమాండ్) చెప్పే గరిష్ఠ పరిమాణాన్ని నమ్మకు, అది చాలాసార్లు తప్పే చెబుతుంది. మోడల్ మాన్యువల్ చూడు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఏ సైటూ తెరుచుకోక, సర్టిఫికెట్ చెల్లదంటుంటే ముందు తేదీ చూడు. సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపేది) అయిపోయి ఏళ్ల వెనక్కి పోయుంటుంది. బ్రాడ్‌కామ్ వైఫై అయితే ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దింపడానికే నెట్ కావాలి, ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి పని కానిచ్చెయ్.

జీర్యామ్‌సీటీఎల్ ఏం చూపించిందో రాయి.

నీ
శీను